డన్‌వారన్ బంగళాలో మా తాతగారి ముఖం

మా తాతగారి ముఖం కింద ఇంకొకరి పేరు రాసి గోడకు తగిలించారని తెలిసిన రోజే ఈ ప్రయాణం ఖాయమైంది.

తెలిసింది ఫోన్లో. మా మలేషియా తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపులో ఎవరో ఫోటోలు పెట్టారు. సుంగై సుమున్ దగ్గర డన్‌వారన్ అని ఒకప్పుడు పెద్ద రబ్బరు తోట ఉండేది. మావాళ్ళ నోట్లో అది దనవరం. ఇప్పుడక్కడ రబ్బరు లేదు, కనుచూపు మేర పామాయిల్ చెట్లే. దొర ఉండే బంగళాను మాత్రం బాగుచేసి, చూడవచ్చేవాళ్ళ కోసం తెరిచారు. ఆ తోట వేసినవాడు స్కాట్లండ్‌లో ఒక ప్రభువుల వంశంవాడు. అందుకని బంగళా నిండా ఆ వంశం చరిత్రే, అది రాజుల మీద చేసిన తిరుగుబాట్లే. చివరి గదిలో తోట మనుషుల ఫోటోలు కొన్ని పెట్టారు. వాటిలో ఒకటి మా తాతగారు సూర్యనారాయణది. తెల్లకోటు, చేతికి వేలాడేసిన గొడుగు, బంగళా మెట్ల మీద దొరకి ఒక మెట్టు కింద నిలబడి ఉన్నారు. ఆయన ఆ తోటలో క్రాణి, అంటే గుమాస్తా. ఆ ఫోటో కింద మలయు భాషలోనూ ఇంగ్లీషులోనూ ఇలా రాశారు: ‘అప్పలస్వామి, సమ్మె నాయకుడు.’

అప్పలస్వామి మా తాతగారి తమ్ముడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తలో దొర మీద సమ్మె చేయించినవాడు ఆయనే. మా తాతగారు దొర పక్కన నిలిచారు. ఆ రోజుతో అన్నదమ్ములకి మాటల్లేవు. తాతగారు పోయినప్పుడు చిన్నతాత గడప తొక్కలేదు. సొంత తమ్ముడు అన్న శవాన్ని చూడటానికి రాలేదన్న సంగతి మా నాన్న పండగ పూట కూడా గుర్తుచేసేవాడు. నేను ఆ మాట వింటూనే పెరిగాను. ఇప్పుడు ముఖం మాది, పేరు వాళ్ళది.

బంగళా వాళ్ళకి మూడుసార్లు ఈమెయిల్ పెట్టాను. ‘మా బంగళాను దర్శించినందుకు ధన్యవాదాలు’ అని ఒకే ఒక్క జవాబు వచ్చింది. నేనింకా దర్శించనే లేదు.

“ఒక పేరు కోసం అంత దూరమేటండీ? ఫోన్ సెయ్యండి లా” అంది నా భార్య సరోజ. మాట చివర ‘లా’ తగిలించటం ఇక్కడివాళ్ళందరి అలవాటు.

“చేశాను. పాట వినిపించారు.”

“రెండు జతల బట్టలే పెట్టినాను. మూడో రోజుకి కూడా కోపం మిగిల్తే అక్కడే కొనుక్కోండి.”

కౌలాలంపూర్ నుంచి తెలుక్ ఇంతాన్‌కి నేరుగా బస్సులున్నాయి. ఎవరైనా వెళ్ళదలిస్తే అదే మంచిది, అక్కణ్ణుంచి సుంగై సుమున్ టాక్సీలో అరగంట. నేను మాత్రం ఇపో మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాను. కారణం, ఇపోలో ఉండే మా బావ జగ్గారావు. మా అక్క భర్త. “నువ్వు రైల్లో వచ్చేయ్ రా, నా కారులో దిగబెడతాను” అన్నాడు. నమ్మాను.

పొద్దుటి రైలు. కిటికీ సీటు అడిగి మరీ తీసుకున్నాను. తీరా ఎక్కాక నా సీటు పక్కన కిటికీ లేదు, రెండు కిటికీల మధ్య ఉండే గోడ ఉంది. అలా రెండున్నర గంటలు గోడ చూసుకుంటూ ప్రయాణం చేశాను. పక్కన కూర్చున్న చైనీయుడు, రిటైరైన లెక్కల మాష్టారట, బొప్పాయి ముక్కలు ఇచ్చి ఎక్కడికని అడిగాడు. స్కాట్లండ్ ప్రభువుల బంగళాకి అన్నాను.

“నువ్వు స్కాట్లండ్‌వాడివా?” అన్నాడు నన్ను పైనుంచి కిందికి చూసి.

“కాదు. వాళ్ళ దగ్గర ఉద్యోగం చేసినవాళ్ళ మనిషిని.”

“జీతం బాకీ ఉందా?”

“పేరు బాకీ ఉంది.”

దానికి ఆయన చాలాసేపు ఆలోచించి, ఇంకో ముక్క ఇచ్చాడు.

ఇపోలో దిగేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. బావ స్టేషన్‌కి రాలేదు. గ్రాబ్ టాక్సీ పిలుచుకుని ఇంటికెళ్ళాను. “కారు షెడ్డులో పడింది రా రామ్మూర్తీ. బ్రేకులు పట్టటం లేదు” అన్నాడు. కారు వాకిట్లోనే ఉంది. అప్పుడే కడిగినట్టున్నారు, నీళ్ళు కారుతున్నాయి. అది పక్కింటివాళ్ళదన్నాడు. పక్కింటివాళ్ళు చైనీయులు, కారు అద్దానికి మాత్రం వెంకటేశ్వరస్వామి బొమ్మ వేలాడుతోంది. గుర్తుపెట్టుకున్నాను.

ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాను. మా అక్క సాంబారు బాగా పెట్టింది. తెల్లవారాక బస్ టెర్మినల్‌కి వెళ్ళాను. అది ఊరికి దూరంగా ఉంటుంది, టాక్సీకి వేరే సమయం కేటాయించుకోవాలి. తెలుక్ ఇంతాన్ బస్సులో ఏసీ ఎంత ఎక్కువంటే, తువ్వాలు చెవులకు చుట్టుకుని కూర్చున్నాను. డ్రైవరు తగ్గించనన్నాడు. అడిగింది రెండుసార్లే. దారి పొడుగునా పామాయిల్ తోటలు, మధ్యలో ఒక అమ్మవారి గుడి, మళ్ళీ తోటలు. తెలుక్ ఇంతాన్‌లో వేడి వేడి చీ చాంగ్ ఫన్ తిన్నాను. చుట్టలు చుట్టిన బియ్యప్పిండి రేకు అది, లోపల ఎండురొయ్యలు పెడతారు. అది మాత్రం తినకుండా ఎవరూ ఆ ఊరు దాటకండి. ఆ ఊరికి పేరు తెచ్చిన ఒరిగిన గడియార స్తంభం నడిమధ్యలోనే ఉంది. ఒరిగే ఉంది. చూశాను.

బంగళాకి చేరేసరికి ఎండ మండుతోంది. ఎత్తు స్తంభాల మీద కట్టిన చెక్క ఇల్లు, చుట్టూ వరండా. టికెట్ ఇచ్చిన అమ్మాయే లోపల తిప్పి చూపిస్తుంది. పేరు షామిని. వాళ్ళ అమ్మమ్మ తెలుగట. తెలుగు అర్థమవుతుందట, జవాబు మాత్రం తమిళంలోనో ఇంగ్లీషులోనో ఇస్తుంది. ఆమె మాటల్ని ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

“నేను చివరి గది చూడటానికి వచ్చాను” అన్నాను.

“వరుసగా చూడాలి అంకుల్. వంశం తెలియకపోతే చివరి గది అర్థం కాదు లా.”

మొదటి గదిలో వంశవృక్షం గోడంతా పరుచుకుని ఉంది. పైనుంచి చదవాలో కిందినుంచి చదవాలో తెలియక మధ్యలో మొదలుపెట్టాను. అలెగ్జాండర్ కొడుకు జేమ్స్. జేమ్స్ కొడుకు అలెగ్జాండర్. ఆయన కొడుకు మళ్ళీ జేమ్స్. తాత పేరు మనవడికి పెట్టడం మనకీ ఉంది. కానీ మన ఇళ్ళలో కనీసం బుజ్జి అనో చిట్టి అనో వేరే పిలుపు ఉంటుంది. వీళ్ళకి అదీ లేదు. నాలుగో జేమ్స్ దగ్గర నా వేలు తప్పిపోయింది.

షామిని చెప్పిన కథ, నాకు అర్థమైనంత వరకు, ఇది. లండన్‌లో ఒక రాజవంశాన్ని తరిమేసి ఇంకో రాజు వచ్చాడు. స్కాట్లండ్ కొండల్లో ప్రభువులు కొందరు పాత వంశమే కావాలని కత్తులు పట్టారు. డన్‌వారన్ ప్రభువు అలెగ్జాండర్ మాత్రం కొత్త రాజుకి విధేయుడినని ప్రమాణం చేసి ఇంట్లో కూర్చున్నాడు. ఆయన పెద్దకొడుకు జేమ్స్ పాత రాజు పక్షాన వెళ్ళాడు. తిరుగుబాటు ఓడిపోయింది. కొడుకు సముద్రం దాటి ఫ్రాన్సుకి పారిపోయాడు. తండ్రి వాడు నా కొడుకే కాదన్నాడు. భూములు దక్కాయి.

“అయితే తండ్రి మంచివాడు, కొడుకు ద్రోహి” అన్నాను.

“ఆగండి అంకుల్. ఇంకోటి ఉంది.”

ఒక తరం తరవాత మళ్ళీ తిరుగుబాటు. ఈసారి తిరగబడింది తండ్రి. కొడుకు ఎర్రకోటు తొడుక్కుని రాజు సైన్యంలో తండ్రికి ఎదురుగా నిలబడ్డాడు. మళ్ళీ ఓడారు. తండ్రి తల లండన్‌లో తీశారు, బిరుదు రద్దు చేశారు. భూములు మాత్రం ఎర్రకోటు కొడుక్కే ఇచ్చారు. అతని కొడుకు అదే రాజు కోసం ఒక పటాలం కట్టి బిరుదు వెనక్కి తెచ్చుకున్నాడు. ఆ వంశంలో భూమిలో వాటా రాని మూడో కొడుకు ఎవరో చాలా కాలం తరవాత మలయా వచ్చి ఈ తోట వేశాడు.

“ఇంతకీ వీళ్ళు రాజు మనుషులా, రాజు మీద తిరగబడ్డ మనుషులా?”

“రెండూ.”

“రెండూ ఎలా అవుతారమ్మా?”

“బోర్డు మీద అలాగే ఉంది అంకుల్.”

మెట్ల దగ్గర ఒక ముసలి దొరసాని పటం ఉంది. ముక్కు వాడిగా, పెదవులు బిగించి ఉంది. ఎవరు ఎటు వెళ్ళాలో నిర్ణయించింది ఈవిడేనట. పెంచాల్సిన పిల్లలున్నవాడు రాజు దగ్గర ఉండాలి, లేనివాడు తిరగబడాలి అని భోజనాల బల్ల దగ్గర తేల్చి చెప్పిందని ఆ ఇంట్లో చెప్పుకునేవాళ్ళట. ఎవరు గెలిచినా భూమి ఇంట్లోనే ఉంటుంది. ఇదంతా వింటే నాకు తల తిరిగింది, కోపమూ వచ్చింది. దెబ్బలాడుకోవటంలో కూడా నిజాయితీ లేని మనుషులు. మా తాతగారూ చిన్నతాతా నిజంగా దెబ్బలాడుకున్నారు, నిజంగా విడిపోయారు. నాటకాలాడలేదు.

చివరి గదికి వచ్చాం. మా ఇంట్లో ఆ ఫోటో ప్రతి ఒకటి చిన్నది ఉండేది. ఇక్కడ నిలువెత్తు చేసి పెట్టారు. తాతగారి మెడ నిటారుగా, కొంచెం బిగుసుకుని ఉంటుంది. అది ఆయన దర్పమని మా నాన్న చెప్పేవాడు. దాని కింద ఆ పేరు.

“ఇది మా తాతగారు. పేరు తప్పు. ఇప్పుడే మార్చండి” అన్నాను.

షామిని గొంతు తగ్గించింది. “మేం అడిగి రాసిందే అంకుల్. సుంగై సుమున్‌లో ఒక పాటి ఉన్నారు. సమ్మె నాయకుడి కూతురు. ఆవిడ కాదంటే మారుస్తాం. రెండు కుటుంబాలూ ఒప్పుకోవాలి. లేకపోతే కంపెనీ నన్ను తిడుతుంది.”

పాటి అంటే తమిళంలో అవ్వ. ఆ పాటి మా సీతమ్మ అత్త, చిన్నతాత ఒక్కగానొక్క కూతురు. నా బతుకులో ఆ ఇంటి గడప తొక్కనని నేను అనుకుని చాలా ఏళ్ళయింది. అలా అనుకోవటానికి నా దగ్గర కారణాలున్నాయి. వరుసగా చెప్పగలను.

టాక్సీ ఎక్కాను.

సుంగై సుమున్ బజారు దాటాక సందులో ఇల్లు. ముందు భాగం సిమెంటు, వెనక భాగం పాత చెక్క. గేటు దగ్గర నిలబడి పిలవాలా వద్దా అని ఆలోచిస్తుంటే లోపలి నుంచి గొంతు వినిపించింది.

“నిలబడిపోనావేటి? కుక్క నేదు.”

“నేను అత్తా, రామ్మూర్తిని. సూర్యనారాయణ క్రాణి మనవణ్ణి.”

“తెలుసురా. రోడ్డు మీదే పోల్చినాను, అచ్చం మీ నాన్న నడక. కూకుంటావా, నిలబడే ఎల్లిపోతావా? మా పెద్దోడి పెళ్ళికొచ్చి మీ నాన్న నిలబడే ఎల్లిపోయినాడు.”

ఎనభై దాటిన మనిషి. చెవులకి పాత బంగారు దుద్దులు, చేతిలో తమలపాకు. ఆ పెళ్ళి సంగతి నాకూ గుర్తుంది.

“ఆ పెళ్ళిలో మా నాన్నకి కుర్చీ వెయ్యలేదు.”

“ఏసినాం. ఫ్యాన్ కింద ఏసినాం.”

“ఫ్యాన్ తిరగలేదు.”

“కరెంటు పోతే నానేటి సేస్తాను? నీ పెళ్ళిలో నాకు ఆకు ఎక్కడేసినారు? సెప్పులిప్పే కాడ.”

“మా నాన్న పోయినప్పుడు మీవైపు నుంచి ఒక్కరు కూడా రాలేదు.”

“వచ్చినాం” అంది అత్త. “మీ ఇంటి ముందర రోడ్డు మీద కారులో కూకున్నాం, మా పెద్దోడూ నానూ. ఎవులైనా పిలుస్తారేమోనని. శవం లేసినాక ఎల్లిపోయినాం.”

ఆ రోజు గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళని చూసుకున్నది నేనే. రోడ్డు మీద కార్లు చాలా ఉన్నాయి.

ఆవిడ లేచి కాఫీ తెచ్చింది. నేను వచ్చిన పని చెప్పాను, ఫోన్లో ఫోటో చూపించాను. కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో తెలియదంది.

“ఆ బంగళా గుంట వచ్చి, సమ్మె సేయించినోడు ఎవులు పాటీ అని అడిగింది. మా నాన్న అని సెప్పినాను. ఎవుడి బొమ్మకి అతికించినారో నాకేటి తెలుసు?”

“అయితే మీరు వచ్చి అది తాతగారని చెప్పండి.”

“సెప్తాను. పెద్దయ్య పేరు ఎట్టి, దాని కింద ఏటి రాయిస్తావు?”

ఆ వాక్యం నేను బట్టీ పట్టుకునే వచ్చాను. “దొర పక్షాన గట్టిగా నిలిచిన క్రాణి అని.”

అత్త నవ్వింది. నవ్వు ఆగక తమలపాకు పక్కన పెట్టేసింది. నాకు ఒళ్ళు మండింది. నా మొహం చూసి ఆవిడ నవ్వు మెల్లిగా ఆగిపోయింది.

“మీ నాన్న నీకు సెప్పనేదా?”

“ఏం చెప్పాలి?”

“ఆళ్ళు దెబ్బలాడుకోనేదురా. దెబ్బలాడినట్టు సేసినారు.”

నాకు అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాను, మూడోసారి కూడా. దొర సాయంత్రాలు వరండాలో కూర్చుని మందు తాగుతూ తన ముత్తాతల కథ చెప్పేవాడట. తాతగారు సంతకాల కాగితాలు పట్టుకుని పక్కన నిలబడి వినేవారట. ఇంట్లో ఒకడు రాజు దగ్గర, ఇంకొకడు తిరగబడ్డవాళ్ళ దగ్గర. సమ్మె మాట లేచినప్పుడు తాతగారు తమ్ముణ్ణి పిలిచి కూర్చోబెట్టారట.

“‘దొర తాతలు సేసిన పనే మనమూ సేద్దాం రా తమ్ముడూ. రేపు ఆడికి తెలిసినా కోప్పడ్డానికి నోరుండదు’ అన్నాడట పెద్దయ్య. సమ్మె గెలిస్తే మా నాన్న మాట సెల్లుతాది, పెద్దయ్యని ఎవులూ ముట్టుకోరు. ఓడిపోతే పెద్దయ్య ఉద్యోగం ఉంటాది, అందరి పిల్లలూ తింటారు.”

“మరి ఎవరు ఎటన్నది?”

“మీ తాతకి ఐదుగురు పిల్లలు. మా నాన్నకి నానొక్కత్తినే. ఇంకేటి సూడాల?”

మెట్ల దగ్గరి ముసలి దొరసాని ముక్కు నాకు గుర్తొచ్చింది.

పొద్దున్నే హాజరు పట్టే చోట, పెరట్టులో, అందరి ముందూ తాతగారు తమ్ముడి మొహాన తలపాగా విసిరేశారట. మా నానమ్మ కూలీల లైను ఇళ్ళ ముందు నిలబడి తోడికోడల్ని తిట్టేదట, వెనక వైపు నుంచి డబ్బాలో కూర పంపేదట. చిన్న నానమ్మ అంతకంటే గట్టిగా తిడుతూనే డబ్బా కడిగి, ఏదో ఒకటి వేసి మళ్ళీ పంపేదట. సమ్మె ఓడిపోయింది. దొర చిన్నతాతని తోటలోంచి వెళ్ళగొట్టాడు.

“ఆ హుకుం సదివింది పెద్దయ్యే. అందరి ముందూ. గొంతు వణకనేదంట. ఆ మాట మా నాన్న మెచ్చుకుంటా సెప్పేవోడు, ఎంత బాగా సదివినాడో అని.”

“తరవాతైనా కలిసిపోవచ్చు కదా?”

“దొర ఎల్లినాక కలుద్దారి అనుకున్నారు. దొర ఎల్లినాడు, ఇంకో దొర వచ్చినాడు. అంతలో పెద్దయ్య ఆఫీసు మెట్ల మీద కూలబడిపోనాడు. మా నాన్న గడప తొక్కితే మీ నాన్నకి ఆ ఉద్యోగం ఇవ్వరేమోనని రోడ్డవతల రబ్బరు సెట్ల కాడ నిలబడి సూసినాడు. శవం ఎల్లినదాకా అక్కడే. నాను పక్కనే ఉన్నాను.”

తల మీద ఫ్యాన్ తిరుగుతోంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

“పెద్దయ్య మీ నాన్నకి సెప్పే ఉంటాడనుకున్నాం” అంది. “సదువుకున్నోడు, అంతా తెలిసీ మొహం తిప్పుకుంటన్నాడు, మా కూడు తిని పెరిగి మమ్మల్ని సెప్పులకాడ కూకోబెట్టినాడు అనుకున్నాం. నాను బడి మానేసినాను రా. ఆ యేడే. రెండో పుస్తకం మజ్జిలో.”

“మా నాన్నకి తెలియదు అత్తా. తెలియకుండానే పోయాడు.”

అత్త ఆకు మళ్ళీ చేతిలోకి తీసుకుంది, సున్నం రాసింది, నోట్లో పెట్టుకోలేదు.

“అయితే ఆడు నిజంగానే కోపంగా ఉన్నాడన్నమాట” అంది చివరికి. “పాపం.”

నేను తెలుక్ ఇంతాన్‌లో హోటల్ గది తీసుకున్నానని చెప్పాను. ఆ డబ్బు పోతే పోనీ అని తనే నిర్ణయించి ముందు గదిలో చాప వేయించింది. చాప మీద పడుకుని నేను ఇన్నేళ్ళుగా పోగుచేసుకున్న అవమానాలన్నీ ఒక్కొక్కటే తిరగేశాను. ఏది చెల్లుతుందో ఏది చెల్లదో తెలియలేదు. శవానికి రాకపోవడం పోయింది. తలపాగా పోయింది. మొత్తం మీద నాకు గట్టిగా మిగిలింది ఆ తిరగని ఫ్యానొక్కటే.

పొద్దున్నే కళ్ళజోడు దొరికింది. ఇద్దరం టాక్సీలో బంగళాకి వెళ్ళాం. అత్త ఆ మెట్లెక్కడం అదే మొదటిసారట. తోటలో పుట్టినా మెట్ల దాకా కూడా రానిచ్చేవాళ్ళు కాదు. వరండాలో ఒక దొర కుర్చీ ఉంది, కూర్చోరాదని తాడు కట్టారు. అత్త తాడు తీసి కూర్చుంది. షామిని నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

అత్త కళ్ళజోడు పెట్టుకుని ఫోటో ముందు నిలబడింది.

“పెద్దయ్యే” అంది. “ఆ గొడుగు నాకు తెలుసు.” తరవాత ఫోటో అంచుకి వేలు పెట్టింది. మెట్ల కింద కూలీల గుంపు. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. ఒక్క మనిషి మాత్రం వీపు తిప్పి నిలబడ్డాడు. ఎడమ భుజం మీద తుండుగుడ్డ.

“ఈయన మా నాన్న. తోటంతటికీ తుండు ఎడం బుజం మీద ఏసుకునేది ఈయనొక్కడే. సూడు, ఫోటో తీస్తంటే కూడా వీపు తిప్పేసినాడు. మీ తాత మెడ సూడు ఎలా బిగబట్టినాడో. ఇటు సూడకుండా ఉండడానికి.”

చూశాను. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మెడ అది.

“అయితే అంకుల్, ఏం రాయాలి?” అంది షామిని పెన్ను తీసి. “కోటు ఆయన విధేయుడు, వెనక్కి తిరిగినాయన తిరుగుబాటుదారు. అంతేనా?”

ఆమె చేత ఆ మాటే రాయించాలని గోడ చూసుకుంటూ రైల్లో కూర్చుని, చెవులకి తువ్వాలు చుట్టుకుని బస్సులో కూర్చుని వచ్చాను. దొరల వంశంలో ఎవరు రాజు మనుషులో ఎవరు కాదో తెలియక నిన్నంతా ఆ అమ్మాయిని విసిగించినవాణ్ణి, ఇప్పుడు నా ఇంటి సంగతి నేనే చెప్పలేకపోయాను. అత్త వైపు తిరిగాను.

“ఇద్దరి పేర్లూ ఎయ్యమ్మా” అంది అత్త. “ఆళ్ళ పన్లు రాయొద్దు. అన్నదమ్ములని రాయి, సాలు.”

కంపెనీ ఒప్పుకోవాలి, రెండు వారాలు పట్టొచ్చు అంది షామిని. వారం అన్నాను. ఈ మాటలు చదివి వెళ్ళేవాళ్ళు ఆ గదిలో బోర్డు మారిందో లేదో చూసి నాకు తెలియజేయగోరుతున్నాను.

తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం బస్సు. బంగళా నుంచి ఇంటికి తిరిగొచ్చాక అత్త లోపలే ఒక గుడ్డసంచీ నా చేతికిచ్చింది, లోపల బరువుగా ఏదో ఉంది. టాక్సీ వచ్చి గేటు దగ్గర ఆగింది. నేను గేటు దాటానో లేదో వెనక నుంచి కేక.

“మళ్ళీ ఈ గుమ్మం తొక్కినావంటే కాళ్ళిరగ్గొడతాను! సెప్పులకాడ ఆకేసినోళ్ళు! క్రాణి మనవడంట, క్రాణి మనవడు!”

ఎదురింటి మలయు ఆవిడ కిటికీ తలుపు తీసింది. టాక్సీవాడు సంచీ లాక్కుని డిక్కీలో పెట్టేశాడు, తొందరగా ఎక్కమన్నాడు. నేను తిరిగి చూశాను. అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ముఖంలో నవ్వు లేదు. వెతికాను, ఎక్కడా లేదు. నిజమో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు.

“మీ ఇంటికి ఎవడొస్తాడు!” అని నేనూ అరిచాను. నా గొంతు వణికింది. తాతగారంత బాగా నాకు రాదు.

కౌలాలంపూర్ బస్సు ఈసారి నిండా ఉంది. సీటు దొరికింది, కిటికీ ఉంది, ఏసీ పాడైంది. ఊరు దాటాక సంచీ విప్పాను. స్టీలు కారియరు. పై గిన్నెలో నెత్తళ్ళ వేపుడు, కింది దాంట్లో పులిహోర. మూత మీద సుత్తితో కొట్టిన అక్షరాలున్నాయి, అరిగిపోయాయి. మా నానమ్మ పేరు.

సరోజకి ఫోన్ చేసి అంతా చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది.

“ఎవులు ఎవులిమీద తిరగబడ్డారో నాకు తెలవలేదు గానీ, ఆ కారియరు మళ్ళీ ఇచ్చెయ్యాలి కదండీ” అంది.

“ఇచ్చెయ్యాలి.”

“ఖాళీగానా?”

పామాయిల్ చెట్లు వరుసలు వరుసలుగా వెనక్కి పోతున్నాయి. ఆ స్కాట్లండ్ వంశం గురించి ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది ఇంతే: బంగళా చూడదగ్గదే, వంశవృక్షాన్ని మాత్రం పైనుంచి చదవండి, మధ్యలో మొదలుపెట్టకండి. నేను పులిహోర ఇంకో ముద్ద తిన్నాను. ఉప్పు తక్కువైంది. ఆ మాట ఫోన్లో చెప్పేది కాదు, ఎదురుగా నిలబడి చెప్పాలి.